రాళ్ళ కింద బంగారం

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగం)

మా అక్క కూతురికి పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ కలిసి మారిషస్ వెళ్ళి వచ్చారు. ఈ రోజుల్లో పెళ్ళయిన పిల్లలు వెళ్ళే చోట్లలో అదొకటి కదా! వచ్చాక వందల ఫోటోలు చూపించింది. నీలంగా, అద్దంలా ఉన్న సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, కొండల మీద మబ్బులు, షమారెల్ అనేచోట ఏడు రంగుల మట్టి. చూడముచ్చటగా ఉన్నాయి. వాటి మధ్య ఒక ఫోటో వింతగా కనబడింది. చుట్టూ పచ్చటి చెరకుతోట. మధ్యలో నల్లరాళ్ళు పేర్చిన పెద్ద గుట్ట, రెండు మూడు నిలువుల ఎత్తు. “ఇదేమిటే?” అన్నాను. “తెలీదు పిన్నీ, తోటల్లో ఎక్కడ చూసినా ఇవే. గుడులేమో అనుకున్నాం, బాగుందని తీశాం,” అంది.

అది గుడి కాదు. అయినా ఆ పిల్ల అన్నమాట పూర్తిగా తప్పూ కాదు. ఆ రాళ్ళగుట్ట వెనక ఉన్న కథే ఇవాళ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. మీలో ఎవరైనా రేపు సెలవులకి ఆ దీవికి వెళ్ళవచ్చు. మీ పిల్లలు వెళ్ళవచ్చు. హోటలువాళ్ళు ఇచ్చే రంగురంగుల పుస్తకంలో ఈ కథకి అంత చోటుండదు. పైగా ఇది మనవాళ్ళ కథ కూడాను.

మారిషస్ మన దేశానికి నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకి కిందుగా, మడగాస్కర్‌కి తూర్పున ఉంది. అగ్నిపర్వతాలు కక్కిన రాయి చల్లారి ఏర్పడిన దీవి అది. చుట్టుపక్కల చిన్న దీవుల్ని కలుపుకున్నా దేశం మొత్తం రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మన జిల్లా ఒకదానికన్నా చిన్నది. దీవి చుట్టూ పగడపుదిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. పెద్ద కెరటాలు ఆ గోడ దగ్గరే విరిగిపోతాయి గనక లోపలి నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. మా పిల్ల ఫోటోల్లోని ఆ నీలపు అద్దం అదే. మనకి ఎండలు మండిపోయే మే, జూన్ నెలల్లో వాళ్ళకి చలికాలం మొదలవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తుఫానుల భయం. 1892 ఏప్రిల్ చివర్లో వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారని చరిత్ర చెబుతోంది.

ఒక విశేషం చూడండి. ఆ దీవికి సొంత జనం అంటూ లేరు. మనుషులు అడుగుపెట్టేనాటికి అక్కడున్నవి నల్లచేవ చెట్ల అడవులు, తాబేళ్ళు, ఎగరలేని డోడో పక్షులు. అరబ్బు నావికులకి దీవి సంగతి తెలుసు. పదహారో శతాబ్దం మొదట్లో పోర్చుగీసువాళ్ళు వచ్చి చూసి పోయారు. 1598లో డచ్చివాళ్ళు వచ్చి తమ రాకుమారుడు మౌరిట్స్ పేరు పెట్టారు. 1638లో కాపురం పెట్టారు. జావా నుంచి చెరకు తెచ్చి నాటినవాళ్ళు వాళ్ళే. నల్లచేవ కలపంతా నరికి ఓడలకెక్కించారు. మనుషులూ, వాళ్ళ వెంట వచ్చిన ఎలుకలూ, పందులూ కలిసి డోడో పక్షి జాతినే లేకుండా చేశాయి. 1710లో డచ్చివాళ్ళు విసిగిపోయి వెళ్ళిపోయారు. డోడో మాత్రం తిరిగి రాలేదు.

1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. మనం చిన్నప్పుడు బడిలో కర్ణాటక యుద్ధాలు చదువుకున్నాం, గుర్తుందా? 1746లో మద్రాసుని ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నుంచి గెలుచుకున్న లాబూర్దొనే అనే ఫ్రెంచి నావికాధిపతి ఉన్నాడే, ఆయన ఈ దీవికి గవర్నరు. 1735లో వచ్చి పోర్ట్ లూయీ రేవుని నిలబెట్టినవాడు ఆయనే. మద్రాసు మీదికి ఓడల్ని సిద్ధం చేసుకుని బయల్దేరింది ఇక్కడినుంచే. రేవు కట్టడానికి పుదుచ్చేరి వైపునుంచి తాపీవాళ్ళనీ, వడ్రంగుల్నీ తెప్పించారు. బండచాకిరీ చెయ్యడానికి మడగాస్కర్ నుంచి, ఆఫ్రికా తూర్పుతీరం నుంచి వేలాదిమందిని బానిసలుగా తెచ్చారు. మన దేశంనుంచి కూడా కొందరిని అలాగే పట్టుకుపోయారు.

నైరుతి మూలన ల మోర్న్ అని సముద్రంలోకి చొచ్చుకువచ్చిన పెద్ద కొండ ఒకటుంది. దాని కిందనే ఇప్పుడు పెద్దపెద్ద హోటళ్ళు. ఒకప్పుడు తోటలనుంచి పారిపోయిన బానిసలు ఆ కొండమీద తలదాచుకునేవారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తూంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండమీదినుంచి దూకి ప్రాణాలు వదిలారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో ఆ కొండని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలుచుకున్నారు. ఆ దండయాత్రకి మన దేశంలోని రేవులనుంచే సేనలు కదిలాయి. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. అప్పటికి దీవిలో బానిసలు అరవై వేలకి పైనే. సర్కారు నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికనుకున్నారు? బానిసలకి కాదు, వాళ్ళ యజమానులకి, ఇరవై లక్షల పౌన్లకు పైగా. విడుదలైనవాళ్ళకి దమ్మిడీ ఇవ్వలేదు. వాళ్ళు మళ్ళీ ఆ చెరకుతోటల మొహం చూడడానికి ఇష్టపడలేదు. చూడరు మరి! అప్పుడు తోటల దొరల కళ్ళు మన దేశం మీద పడ్డాయి.

1834 నవంబర్ 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయీలో దింపింది. అదొక ప్రయోగం. బానిసలకు బదులు కాగితంమీద వేలిముద్ర వేసిన కూలీలతో తోటలు నడుస్తాయా లేదా చూద్దామని. నడిచాయి. ఆ తరువాత సుమారు ఎనభై ఏళ్ళలో నాలుగున్నర లక్షలకు పైగా మన దేశస్థులు ఆ రేవులో దిగారు. మూడింట రెండువంతుల మంది తిరిగి రాలేదు.

మరి మన తెలుగువాళ్ళు ఎలా వెళ్ళారు? కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా. ఇప్పుడు మడ అడవులు చూడడానికి వెళుతున్నాం. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. అంతకు ఏడేళ్ళ ముందే 1832-33లో గుంటూరు సీమని నందన కరువు కాల్చుకు తింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. అంటే అప్పటికి గోదావరి నీళ్ళు ఇంకా కళ్ళముందే సముద్రంలో కలిసిపోతున్న రోజులన్నమాట. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మన నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. ఒకపక్క కరువు, ఒకపక్క శిస్తులు, ఒకపక్క అప్పులు. అలాంటివేళ ఊళ్ళోకి ఒక మేస్త్రీ వస్తాడు. తలకి మంచి పాగా, చేతికి కడియం. ఆ దీవిలో రాయి ఎత్తితే కింద బంగారం దొరుకుతుందంటాడు. కడుపు కాలుతున్నవాడు నమ్మకేం చేస్తాడు?

1843లో ‘కోరింగ ప్యాకెట్’ అనే ఓడ మనవాళ్ళని మారిషస్‌లో దించింది. కోరంగి రేవు పేరే ఆ ఓడకి. ఆ రేవునుంచి వచ్చినవాళ్ళు గనక తెలుగువాళ్ళకి అక్కడ ‘కోరింగీలు’ అన్న పేరే నిలిచిపోయింది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలనుంచి జనం కదిలారు. కొందరు తీరప్రాంతపు రేవులనుంచి, ఎక్కువమంది మద్రాసు మీదుగా. తెరచాప ఓడల్లో వారాల తరబడి ప్రయాణం. ఇప్పుడు ముంబయిలో విమానమెక్కి ఆరేడు గంటల్లో దిగుతున్నాం.

మా అమ్మమ్మది విశాఖ వైపు పల్లెటూరు. ఎవరైనా చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలిపోతే “ఓడెక్కేశాడు” అనేది. చిన్నప్పుడు అదేదో సరదా మాటనుకునేదాన్ని. ఈ చరిత్ర చదివాక ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు గుండె కలుక్కుమంటుంది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు గుమ్మంలో కూర్చుని ఎదురుచూశారో!

పోర్ట్ లూయీ రేవులో సముద్రపు ఒడ్డునుంచి పైకి పదహారు రాతిమెట్లున్నాయి. 1849లో కట్టిన కూలీల డిపో అది. ఓడ దిగినవాళ్ళు ఆ మెట్లెక్కి లోపలికి వెళ్ళాలి. వైద్యుడు చూసేవాడు. గుమాస్తా పేరు రాసేవాడు, నంబరు ఇచ్చేవాడు. రెండురోజులు అక్కడ ఉంచి తోటలకి పంచేవారు. ఆ చోటిని ఒకప్పుడు ‘కూలీ ఘాట్’ అనేవారు. తరువాత ‘ఆప్రవాసీ ఘాట్’ అని పేరు మార్చారు. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మీరు ఆ దీవికి వెళ్ళడమంటూ జరిగితే ఒక పూట సముద్రస్నానం మానుకుని ఆ పదహారు మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడండి. ఎక్కువేమీ కనబడదు. కొన్ని గోడలు, వంటశాల ఆనవాళ్ళు, ఆసుపత్రి గదులు, ఆ మెట్లు. ఆ దేశంలో ఇప్పుడున్న జనంలో చాలా ఎక్కువమందికి ఏదో ఒక తాతో, ముత్తవ్వో ఆ మెట్లే ఎక్కి ఉంటారు.

ఒప్పందం అయిదేళ్ళకి. మగవాడికి నెలకి అయిదు రూపాయల జీతం. దానితోపాటు రోజుకి రెండు పౌన్ల బియ్యం, అరపౌను పప్పు, కాస్త ఉప్పు, నెయ్యి. కాగితం మీద చూస్తే బాగానే ఉంది. అసలు కిటుకు వేరేచోట ఉంది. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోసేవారు. జ్వరం వచ్చి పడుకున్నా పని ఎగ్గొట్టాడనే రాసుకున్న తోటలున్నాయి. నెల తిరిగేసరికి చేతికి వచ్చేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. తోట దాటి బయటికి వెళ్ళాలంటే చీటీ కావాలి. అయిదేళ్ళు పూర్తయి స్వేచ్ఛ వచ్చినవాడికి కూడా విముక్తి లేదు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం ఫోటో అంటించిన పాసు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. ఆ ఫోటో ఖర్చు కూడా వాడిదే. పాసు లేకుండా రోడ్డుమీద కనబడితే పోలీసులు పట్టుకునేవారు. అదే ఏడాది మలేరియా జ్వరాలు వచ్చి వేలకివేల మందిని తీసుకుపోయాయి.

ఇప్పుడు ఆ రాళ్ళ సంగతి. అగ్నిపర్వతపు నేల గనక ఎక్కడ తవ్వినా నల్లటి బండరాళ్ళే. చెరకు వెయ్యాలంటే ముందు వాటిని ఏరిపారెయ్యాలి. ఎక్కడికని పారేస్తారు? తోట మధ్యలో పోగుచేసి, జారిపడకుండా మెట్లుమెట్లుగా పేర్చారు. ముందు బానిసల చేతులు, వాళ్ళ తరువాత మన కూలీల చేతులు. మేస్త్రీ చెప్పిన మాట నిజమే, ఎన్ని రాళ్ళు ఎత్తమంటే అన్ని రాళ్ళున్నాయి. ఒక్కోటీ ఎత్తారు. కింద బంగారం లేదు. నల్లమట్టి ఉంది. ఆ మట్టిలో పండిన చెరకు దొరలకి బంగారమైంది. 1850ల నాటికి ఇంగ్లీషు సామ్రాజ్యంలో పంచదార పండించే వలసల్లో ఆ చిన్న దీవి ముందు వరసలో నిలబడింది. మనం ఫోటో తీసుకునే ఆ గుట్టల మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

మరి ఆడవాళ్ళ మాటేమిటంటారా? దానికే వస్తున్నాను. తొలి ఓడల్లో స్త్రీలు చాలా తక్కువ. దొరలకి కావలసింది కొడవలి పట్టే చేతులు గాని కుటుంబాలు కాదు. తరువాత ఇంత మంది మగవాళ్ళకి ఇంతమంది ఆడవాళ్ళు తప్పక ఉండాలని సర్కారు నియమం పెట్టింది. భర్త వెంట వెళ్ళినవాళ్ళున్నారు. విధవలై, అత్తింటా పుట్టింటా నిలువనీడ లేక ఓడెక్కినవాళ్ళున్నారు. మాయమాటలకి మోసపోయినవాళ్ళున్నారు. అక్కడికి వెళ్ళాక కొందరు కూలిపనికి ఒప్పుకున్నారు, జీతం మగవాడికన్నా తక్కువ. ఒప్పుకోనివాళ్ళేం ఊరికే కూర్చోలేదు. గుడిసె వెనక కూరపాదులు పెట్టారు. ఆవుని కట్టేసుకుని పాలమ్మారు. చెరకు కోతలప్పుడు తోటకీ వెళ్ళారు.

ఇంకొక అన్యాయం వినండి. అగ్నిసాక్షిగానో, పసుపుతాడు కట్టో చేసుకున్న పెళ్ళి సర్కారు పుస్తకంలోకి ఎక్కకపోతే పెళ్ళి కింద లెక్కలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, నలుగురు పిల్లల్ని కన్న ఇల్లాలు కూడా కాగితం మీద పెళ్ళికాని మనిషే. భర్త పోతే ఆస్తి మీద హక్కు చెప్పుకోవడానికి లేదు. పిల్లలకి తండ్రి పేరు దక్కడానికీ చిక్కే. నల్లరాళ్ళు మోయడం కన్నా ఈ బరువు తక్కువంటారా?

ఎదురుతిరిగినవాళ్ళు లేకపోలేదు. 1871లో ప్లెవిట్జ్ అనే తెల్లాయన కూలీల బాధలన్నీ అర్జీగా రాయించాడు. తొమ్మిదివేల నాలుగువందల మంది దానిమీద సంతకాలూ గుర్తులూ పెట్టారు. తోటల యజమానులు ఆయన మీద విరుచుకుపడ్డారు. అయినా లండన్ నుంచి విచారణ సంఘం 1872లో వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది, చట్టం కొంత మారింది. 1901లో దక్షిణాఫ్రికానుంచి మన దేశానికి వస్తూ గాంధీగారు ఓడ ఆగితే అక్కడ మూడు వారాల దాకా ఉన్నారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని వాళ్ళకి చెప్పారు. 1907లో మణిలాల్ డాక్టర్ అనే న్యాయవాది వెళ్ళి కూలీల తరఫున కోర్టుల్లో నిలబడ్డాడు. 1910తో మన దేశంనుంచి ఆ దీవికి కూలీల్ని పంపడం దాదాపు ఆగిపోయింది.

అంజలై కూపెన్ అనే ఆమె పేరు మీరు విని ఉండరు. దక్షిణాది కూలీల వంశంలో పుట్టిన మనిషి. 1943 సెప్టెంబర్ 27న బెల్ వ్యూ హరెల్ అనే చెరకుతోటలో మంచి కూలి కోసం సమ్మె జరుగుతూంటే పోలీసులు కాల్పులు జరిపారు. పోయినవాళ్ళలో ఆమె ఒకతె. అప్పటికి కడుపుతో ఉంది. ఇప్పుడు ఆ దేశంలో ఒక పెద్ద ఆటల మైదానానికి ‘అంజలై’ అని ఆమె పేరే పెట్టారు. బంతి ఆట చూడడానికి వెళ్ళే కుర్రాళ్ళ నోట ఆ కూలిమనిషి పేరు నలుగుతోంది. ఆ మాత్రమైనా జరిగినందుకు సంతోషించాలి.

ఇక మనందరం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. 1947 దాకా ఆస్తిపరులకే ఓటు ఉండేది. ఆ ఏడు వచ్చిన కొత్త నియమం ప్రకారం దీవిలో వాడుకలో ఉన్న భాషల్లో ఏదో ఒకదానిలో సులువైన వాక్యాలు చదవడం, రాయడం వస్తే చాలు, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఓటే. ఆ భాషల పట్టికలో తెలుగు ఉంది! ఊరూరా సాయంకాలపు బడులు వెలిశాయి. పగలంతా చెరకు కొట్టి వచ్చినవాళ్ళు రాత్రి దీపం ముందు అక్షరాలు దిద్దారు. పన్నెండువేల లోపు ఉన్న ఓటర్లు 1948 ఎన్నికల నాటికి డెబ్బైవేలు దాటారు. ఆలోచించండి. నూరేళ్ళ కిందట గుమాస్తా ముందు వేలిముద్ర వేసి సంతకం లేని మనిషిగా దీవిలో దిగిన తాతకి మనవరాలు, తన భాషలో నాలుగు ముక్కలు రాసి చూపించి, ఓటు తెచ్చుకుంది. అ ఆ లు ఎందుకు పనికొస్తాయని అడిగే పిల్లలకి ఈ ముక్క చెప్పండి.

1968 మార్చి 12న మారిషస్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. దండి ఉప్పు సత్యాగ్రహానికి గాంధీగారు బయల్దేరిన రోజు కూడా మార్చి 12. కావాలనే ఆ తేదీ పెట్టుకున్నారు. తొలి ప్రధాని రాంగులాం కూడా భారతీయ కూలీల వంశంలో పుట్టినవాడే. సరిగ్గా ఇరవైనాలుగేళ్ళకి అదే తేదీన గణతంత్రమైంది. చెరకు ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభంలేదని బట్టల మిల్లులు పెట్టారు, హోటళ్ళు కట్టారు. మనం సెలవులకి వెళ్ళే దీవి అలా తయారైంది.

మరి మన తెలుగు అక్కడ బతికిందా అంటే, బతికిందనే చెప్పాలి. ఇళ్ళల్లో మాట్లాడే భాష చాలావరకు క్రియోల్ అయిపోయింది. అయినా బడిలో పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. ఉగాది ఆ దేశంలో సర్కారు సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మధ్యన దీపం పెట్టి, చుట్టూ అడుగులు వేస్తూ, తెల్లవార్లూ చేసే రామభజనం ఈనాటికీ ఉంది. అమ్మోరు పండుగ చేస్తారు. సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు. మన దగ్గర ఎక్కడో విశాఖ పక్కన కొండమీదున్న అప్పన్న స్వామి అన్ని వేల మైళ్ళు సముద్రం దాటి వెళ్ళాడంటే ఎవరు తీసుకెళ్ళారు? చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ళు తీసుకెళ్ళారు. ఓడలో మూట ఉన్నా లేకపోయినా మనసులో దేవుణ్ణి ఎవరూ లాక్కోలేరు కదా!

పేర్లు చూడండి, ముచ్చటేస్తుంది. మన అప్పలస్వామి అక్కడ ‘అపాల్సామీ’ అయ్యాడు. అప్పడు ‘అపాడూ’. సన్యాసి ‘సనాసీ’. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. తండ్రి పేరు కొడుక్కి ఇంటిపేరై కూర్చుంది. అసలు ఇంటిపేర్లు సముద్రంలో కలిసిపోయాయి. అయినా అప్పలస్వామి అని పేరున్నవాడి ముత్తాతది ఏ ప్రాంతమో మన ఉత్తరాంధ్రవాళ్ళు ఇట్టే చెప్పెయ్యరూ?

పోర్ట్ లూయీలో కూరగాయల బజారుకి వెళ్ళండి. హోటల్లో తిని విసుగెత్తినవాళ్ళకి ప్రాణం లేచివస్తుంది. ‘బ్రెడ్ మురుమ్’ అని ఆకుకూర అమ్ముతారు. తీరా చూస్తే మన మునగాకే! ‘పిపంగాయ్’ అంటే బీరకాయ. ‘కరిపులే’ అంటే కరివేపాకు. దక్షిణాది ఆడవాళ్ళ పెరటిపాదులనుంచి ఆ మాటలు ఫ్రెంచి నోళ్ళల్లోకి పాకాయి. చరిత్రంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలే అనుకుంటాం. సంచీ పట్టుకుని కూరలు బేరం చేసే చోట కూడా ఉంటుంది చరిత్ర. అది మన చేతులమీదుగా నడిచిన చరిత్ర.

అలాగే పాంప్లెమూస్ అనే ఊళ్ళో పాతకాలపు ఉద్యానవనం ఒకటుంది. పెద్దపెద్ద పళ్ళేల్లాంటి ఆకులున్న నీటికలువలు చూడడానికే అందరూ వెళతారు. అక్కడే శ్రీతాళపు చెట్లున్నాయి. మన పూర్వులు ఆ ఆకుల మీద గ్రంథాలు రాసుకునేవారు. ఆ చెట్టు కొన్ని దశాబ్దాలు పెరిగి, ఒక్కసారే ఆకాశమంత పువ్వు పూసి, ఆ కాయలు రాలాక చచ్చిపోతుంది. ఓడెక్కి వెళ్ళిన ఆ మొదటి తరం వాళ్ళని తలుచుకుంటే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

మోకాలో మహాత్మాగాంధీ సంస్థ అని ఉంది. డిపోలో గుమాస్తాలు రాసిన పుస్తకాలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఊరు. కూలీల మీద నిఘాకోసం తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. పారిపోతే పట్టుకోవడానికి తీసిన ఫోటోలు అవి. ఇప్పుడు మునిమనవలు వచ్చి వాటిలో తమ పెద్దవాళ్ళ మొహాలు వెతుక్కుంటున్నారు. ఊరి పేరు పట్టుకుని అక్కడినుంచి మన దేశానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎప్పుడైనా మీ ఊళ్ళోకి క్రియోల్ మాట్లాడే కొత్తమనిషెవరైనా వచ్చి, వచ్చీరాని తెలుగులో ఏదో పేరు అడిగితే విసుక్కోకండి. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఎప్పుడో ఓడెక్కి పోయినవాళ్ళ తాలూకు మనిషి తిరిగి వచ్చాడని అనుకోండి.

సెలవులకి దీవులకి వెళ్ళవద్దని నేను అనడంలేదు. కష్టపడి సంపాదించుకున్న పిల్లలు నాలుగురోజులు సముద్రం ఒడ్డున హాయిగా ఉండాలనుకోవడంలో తప్పేముంది? వెళ్ళండి. ఈదండి, ఆడండి, ఫోటోలు తీసుకోండి. నవంబర్ 2న గనక అక్కడుంటే అది సర్కారు సెలవు, తొలి కూలీలు దిగిన రోజు. ఆ రేవుమెట్ల మీద ఒక పువ్వు పెట్టిరండి. ఫిబ్రవరి 1న ఉంటే ల మోర్న్ కొండవైపు తిరిగి ఒక దణ్ణం పెట్టండి. బానిసల కన్నీళ్ళు వేరు, మన కూలీల కన్నీళ్ళు వేరు అని ఆ మట్టికి తెలీదు.

మా అక్క కూతురికి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “పిన్నీ, ఆ రాళ్ళ గుట్ట ఎక్కి నిలబడి ఫోటో తీయించుకుందామనుకున్నాం. ఎందుకో ఎక్కలేదు,” అంది చివరికి. ఎక్కకపోవడమే మంచిదయింది. ఆ ఫోటోని పెద్దది చేయించి వాళ్ళింట్లో గోడకి పెట్టుకుంది. చూడవచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు కదా. అడిగినప్పుడల్లా ఈ కథ చెబుతోందట.